అవతలి ఒడ్డు కనపడుతోందా

తెల్లారగట్ల నాలుగున్నర. మధురపూడి.
మూడే మూడు విమానాలున్న కంపెనీలో
నేను నాలుగోదాన్ని,
నేల విడవనిదాన్ని.

కుర్చీకి ఒక చక్రం లేదు.
ఫ్లాస్కులో రాత్రి డ్యూటీ వాళ్ళు మిగిల్చిన టీ.
చెన్నైలో, చీకట్లో, రెక్కలు చాచి నిలబడ్డ ఏటీఆర్
నా దగ్గర మాత్రం ఒక కాగితం:
అరవై ఒక్క మంది, వాళ్ళ సంచులు,
పద్నాలుగు పెట్టెల రొయ్య పిల్ల,
ఒక్కో పెట్టెలో ఒక రోజుకి సరిపడా ఊపిరి.

వాతావరణం వాళ్ళ అంకెలు వచ్చాయి.
చూపు మూడు వేల మీటర్లు. గాలి లేదు.
చదివితే దిగులు పడాల్సిందేమీ లేదు.

నేను కోటిపల్లి రేవుకి ఫోన్ చేశాను.
పంటు నడిపే పెసంగి ధర్మారావుకి.

"బాబాయ్, అవతలి ఒడ్డు కనపడుతోందా?"

వెంటనే చెప్పడు.
నోట్లోంచి బీడీ తీస్తాడు, దగ్గుతాడు,
గౌతమి వైపు తిరుగుతాడు. అదంతా నాకు వినపడుతుంది.

"ముక్తేశ్వరం దీపాలు ఇప్పుడే ఆరిపోయాయమ్మా.
ఆరిపోలేదులే, మంచు మింగేసింది.
నీళ్ళ మీద బోర్లా పడుకుంది.
ఎండ తగిలితే గానీ లేవదు, ఆయ్."

ఫారంలో ఆ గడి లేదు.
గాలి దిక్కుకి ఉంది, మబ్బు ఎత్తుకి ఉంది,
దీపాలు లెక్కపెట్టే మనిషికి లేదు.

నాలుగొందల కిలోల ఇంధనం అదనం అని రాశాను.
అంటే ముప్పై అయిదు నిమిషాల ఆకాశం.
అంటే పద్నాలుగు పెట్టెలూ కిందికి.
కారణం దగ్గర 'వాతావరణం' అని పెట్టాను.
అబద్ధం కాదు. చెప్పగలిగినంత నిజం.

కెప్టెన్ దేవస్సీ అడిగాడు: "అంకెలు బాగానే ఉన్నాయి కదా?"
"బాగానే ఉన్నాయి సార్."
"మరి?"
"మరి... వేయించండి సార్."
కాసేపు ఏమీ మాట్లాడలేదు.
తర్వాత ఆయన సంతకం వచ్చింది నా సంతకం పక్కకి.
ఇద్దరిదీ పడకపోతే చక్రం కదలదు.

ఆరింటికి కొప్పిశెట్టి వీరబ్బులు, చెరువు గట్టు మీంచి:
"నీళ్ళు సిద్ధం చేసుక్కూర్చున్నానండి.
నా పిల్లనే దింపాలా? మనుషుల్ని దింపలేరా?"
సాయంత్రం విమానానికి వస్తాయన్నాను.
"అప్పటికి ఎన్ని బతుకుతాయో చెప్పండి చూద్దాం."
చెప్పలేకపోయాను.

ఏడూ ఇరవై.
అద్దం అవతల కొంత గడ్డి, ఒక కొంగ,
ఆ తర్వాత ఊళ్ళో పాలన్నీ ఒలికినట్టు.
పైన చప్పుడొచ్చింది. వెళ్ళింది.
మళ్ళీ వచ్చింది.
లోడర్ ఏసుబాబు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు,
ఎందుకో వాడికే తెలియదు.
నేను గోడ గడియారం చూడ్డం మానేసి
నిమిషానికి పదకొండు కిలోల చొప్పున
వేళ్ళ మీద తీసేస్తున్నాను.

ఏడూ యాభై ఒకటికి
తెలుపు ఒక్కచోట చిరిగింది.
ఆ చిరుగులోంచి ముందు లైట్లు, తర్వాత ముక్కు,
తర్వాత అరవై ఒక్క మంది
"అరగంట లేటు" అని తిట్టుకుంటూ దిగారు.
ఒకావిడ నన్ను చూసి, ఇక్కడ టాయిలెట్ ఎక్కడమ్మా అంది.
చూపించాను.

దేవస్సీ టీ అడిగాడు. తాగాడు.
పాత టీ అని కూడా అనలేదు.

రాత్రి తొమ్మిదికి వీరబ్బులు ఫోన్.
"పదకొండు పెట్టెలు బానే ఉన్నాయి. మూడు..."
పెట్టేశాడు.
ఆ మూడింటికీ గడి లేదు.
పెన్సిల్‌తో, పేజీ అంచున, మూడు గీతలు గీసుకున్నాను.

మర్నాడు నాలుగున్నరకి
నేను చేయకముందే ఫోన్ మోగింది.
"ఎనిమిది దీపాలమ్మా. ఎనిమిదీ ఉన్నాయి."
వెనకాల పంటు ఇంజను అప్పుడే అందుకుంటోంది.
ఆ రోజు అదనం రాయలేదు.
పెట్టెలన్నీ ఎక్కాయి.